చిటికెడు చేర్పు, పాతికేళ్ల ఎండ

తిరుమల కొండమీద ఎండను పనిలో పెట్టడం కొత్త సంగతి కాదు. 2002లోనే తిరుమల తిరుపతి దేవస్థానం అన్నప్రసాదం వంటకు సూర్యరశ్మితో ఆవిరి పుట్టించే ఏర్పాటు చేసింది. 106 అద్దాల గొడుగులు సూర్యుడి వెంబడి తిరుగుతూ, వెలుగునంతా ఒకచోటికి కూర్చి, గొట్టాల్లోని నీటిని ఆవిరిగా మార్చేలా దాన్ని కట్టారు. రోజుకు సుమారు 4 టన్నుల ఆవిరి, 15,000 మందికి సరిపడా వంట. ప్రపంచంలోని అతిపెద్ద సౌర వంట ఏర్పాట్లలో ఒకటిగా దానికి పేరొచ్చింది. అందులో ఉన్నవన్నీ అద్దం, ఇనుము, నీళ్లు. అద్దం పగిలితే మార్చుకోవచ్చు, గొట్టం కారితే అతుకు వేయించుకోవచ్చు.

ఇప్పుడు సౌరశక్తి రంగమంతా కళ్లు విప్పార్చి చూస్తున్న పదార్థం తీరు వేరు. దాని పేరు పెరోవ్‌స్కైట్. గాజుపలక మీద అర మైక్రాన్ మందంలో పూసిన నల్లటి పొర అది. ఎండలోంచి కరెంటు తీయడంలో దిట్ట. కానీ చెమ్మ తగిలితే పసుపుపచ్చగా మారి చస్తుంది, వేడి పెరిగితే లోపలి అణువులు లేచిపోతాయి. తిరుపతిలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఆ ఎండలో మిద్దెమీది ప్యానెల్ వేడి 65, 70 డిగ్రీలకు చేరుతుంది. ఆ తర్వాత అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. 2021 నవంబరులో తిరుమల ఘాట్ రోడ్ల మీద కొండచరియలు విరిగిపడ్డ వానలను ఈ ప్రాంతం ఇంకా మరిచిపోలేదు. ఈ రెండు కాలాలనూ పాతికేళ్లపాటు తట్టుకునేలా ఆ పలచటి పొరను తయారుచేయడం ఎలా? దీనికి రసాయనవేత్తలు వెతుకుతున్న జవాబుల్లో ముఖ్యమైనది చేర్పులది. పొర పోసే ద్రావణంలో నూటికి ఒకటో రెండో పాళ్లు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ, వేరే రసాయనం కలపడం. పదిహేనేళ్లుగా ఏమేమి కలిపారు, ఏది దేనికి పనికొచ్చింది, తిరుపతి లాంటి ఊళ్లో ఏది నిలుస్తుంది అన్నవి తెలుగు పాఠకులు కూడా తెలుసుకోవలసిన విషయాలు.

అసలు పెరోవ్‌స్కైట్ అన్నది 1839లో రష్యాలోని ఉరల్ కొండల్లో గుస్తావ్ రోజ్ గుర్తించిన ఖనిజం. లెవ్ పెరోవ్‌స్కీ అనే రష్యన్ పెద్దమనిషి పేరు దానికి పెట్టారు. సౌర సెల్స్‌లో వాడేది ఆ ఖనిజాన్ని కాదు, దాని స్ఫటిక నిర్మాణాన్ని పోలిన కృత్రిమ పదార్థాన్ని. సీసం పరమాణువు నడుమ ఉంటుంది, చుట్టూ ఆరు అయొడిన్లు, ఆ అల్లికలోని ఖాళీల్లో మీథైల్ అమ్మోనియమో, ఫార్మమిడీనియమో, సీజియమో కూర్చుంటాయి. 2009లో జపాన్‌లో మియసాకా బృందం దీన్ని మొదటిసారి సౌర సెల్‌లో వాడినప్పుడు వచ్చిన సామర్థ్యం 3.8 శాతం. 2012లో దాదాపు 10 శాతం, 2016 నాటికి 22 శాతం, ఇప్పుడు 26 శాతం పైన. సిలికాన్‌కు ఆ ప్రయాణం దశాబ్దాలు పట్టింది. పైగా సిలికాన్‌ను 1,400 డిగ్రీలకు పైగా వేడిచేసి కరిగించాలి. పెరోవ్‌స్కైట్ ద్రావణాన్ని గాజుమీద పూసి 100 నుంచి 150 డిగ్రీల వేడిలో ఆరబెడితే చాలు.

ఆ ఆరబెట్టే కొద్ది క్షణాల్లోనే అంతా జరిగిపోతుంది. ద్రావకం ఆవిరవుతుండగా అయొడైడ్ లవణాలు స్ఫటికాలుగా గడ్డకడతాయి. మరీ తొందరగా కడితే చిన్నచిన్న గింజలు, నడుమ సందులు, సూదిమొన రంధ్రాలు. పాకం పట్టేటప్పుడు చక్కెర మళ్లీ గింజకట్టకుండా నాలుగు చుక్కల నిమ్మరసం పిండడం మన వంటిళ్లలో అందరికీ తెలిసిన పని. స్ఫటికాలు కట్టే తీరును కొద్దిపాటి వేరే పదార్థంతో అదుపుచేయడం అక్కడా ఇక్కడా ఒకటే.

ఈ అదుపు కోసం మొదట దొరికిన మంచి సాధనం డైమీథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రావకం. సీసం అయొడైడ్‌ను అది కొంచెంసేపు పట్టుకుని ఉంటుంది. దాంతో స్ఫటికం ఒక్కసారిగా కట్టకుండా మధ్యంతర దశ ఒకటి ఏర్పడుతుంది, ఆ తర్వాత నిదానంగా నున్నటి పొర వస్తుంది. 2014లో దక్షిణ కొరియాలో సాంగ్ ఇల్ సియోక్ బృందం ఈ దారిలోనే 16.2 శాతం ధ్రువీకృత సామర్థ్యం సాధించింది. అదే ఏడాది అమెరికాలో డైఅయొడో ఆక్టేన్ అనే నూనెలాంటి ద్రవాన్ని నూటికి ఒక పాలు కలిపి, సుమారు 9 శాతం ఉన్న సెల్‌ను దాదాపు 12కు తెచ్చారు. ఆక్స్‌ఫర్డ్‌లో హైడ్రోఅయొడిక్ ఆమ్లం కలిపి ఫార్మమిడీనియం పొరలను నున్నగా పోశారు.

ఫార్మమిడీనియం లెడ్ అయొడైడ్ కథ ఇక్కడ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మీథైల్ అమ్మోనియం కన్నా వేడికి బాగా ఓర్చుకునేది ఇదే, వెలుగును ఎక్కువగా తాగేదీ ఇదే. కానీ దాని నల్లటి రూపం 150 డిగ్రీల దగ్గర ఏర్పడుతుంది, మామూలు వేడికి దిగితే ఎందుకూ కొరగాని పసుపుపచ్చ రూపంలోకి జారిపోవాలని చూస్తుంది. దాన్ని నల్లగా నిలబెట్టడానికి మీథైల్ అమ్మోనియం క్లోరైడ్ కలిపారు. 2019లో కొరియా పరిశోధకులు దాని పనితీరును విడమరచి చెబుతూ 24 శాతం దాకా చేరారు. క్లోరైడ్ స్ఫటికం కట్టే దశలో నల్లటి రూపానికి ఊతమిస్తుంది, ఆ తర్వాత వేడికి చాలావరకు ఆవిరైపోతుంది. రికార్డు సెల్స్ తయారీలో ఇప్పుడిది దాదాపు తప్పనిసరి. పూర్తిగా ఆవిరికాక మిగిలినదే చిక్కు. ఏళ్ల తరబడి వేడిలో ఆ మీథైల్ అమ్మోనియమే మొదట లేచిపోయే అణువు. రికార్డు తెచ్చిన చేర్పే ఆయుష్షు తగ్గించే చేర్పు కూడా కావచ్చునన్నది ఈ రంగంలో మొదట గుర్తుపెట్టుకోవలసిన విషయం.

స్ఫటికం ఎంత బాగా కట్టినా లోపాలుంటాయి. అంచుల దగ్గర అయొడిన్ ఉండవలసిన చోట ఖాళీ, దాని పక్కన జత దొరకని సీసం అయాన్. వెలుగు తాకి పుట్టిన ఎలక్ట్రాన్ బయటి తీగదాకా చేరకుండా ఆ గుంతలో పడి వేడిగా ఆరిపోతుంది. సెల్ వోల్టేజీ పడిపోతుంది. అంతకన్నా పెద్ద నష్టం, ఆ ఖాళీల గుండానే అయొడిన్ అయాన్లు కదులుతాయి, నీటి అణువులు లోపలికి దూరతాయి. అంటే ఈ రోజు కరెంటు తగ్గించే లోపమే రేపు సెల్‌ను చంపే దారి. ఆ గుంతలను మూసే చేర్పుల మీదే గత పదేళ్లలో అత్యధిక పరిశోధన జరిగింది.

ఆక్స్‌ఫర్డ్‌లో హెన్రీ స్నెయిత్ బృందం 2014లో థయోఫీన్, పిరిడీన్ అనే రెండు అణువులతో మొదటి గట్టి ఉదాహరణ చూపింది. గంధకం మీదో నత్రజని మీదో ఉన్న జంట ఎలక్ట్రాన్లను ఇవి ఒంటరి సీసానికి అందిస్తాయి. 13 శాతం ఉన్న సెల్ థయోఫీన్‌తో 15.3కు, పిరిడీన్‌తో 16.5కు పెరిగింది. ఆ తర్వాత ప్రపంచమంతా ఎలక్ట్రాన్లు ఇవ్వగల అణువుల కోసం అలమరాలు వెతికింది. ఆ వెతుకులాట కాఫీ గిన్నె దాకా వచ్చింది.

అమెరికాలో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో యాంగ్ యాంగ్ ప్రయోగశాల విద్యార్థులు కాఫీ తాగుతూ సరదాగా అనుకున్న మాటే ప్రయోగమైంది. కెఫీన్‌లో రెండు కార్బొనిల్ సమూహాలున్నాయి, అవి సీసాన్ని పట్టుకోగలవు. 2019లో వచ్చిన ఫలితం ప్రకారం 17 శాతం చిల్లర సామర్థ్యం 20 శాతం దాటింది. దానికన్నా విలువైన అంకె ఇంకొకటుంది. 85 డిగ్రీల వేడిలో 1,300 గంటల తర్వాత కూడా కెఫీన్ కలిపిన సెల్ మొదటి సామర్థ్యంలో 86 శాతం నిలుపుకొంది, కలపని సెల్ 175 గంటలకే 60 శాతానికి పడిపోయింది. అదే ప్రయోగశాల ఆ ఏడాదే టీ ఆకులో ఉండే థియోఫిలిన్‌ను, కోకోలో ఉండే థియోబ్రొమిన్‌ను, కెఫీన్‌ను పక్కపక్కన పెట్టి చూసింది. మూడూ ఒకే కుదురు అణువులు. తేడా మీథైల్ సమూహాలు ఎన్ని, ఎక్కడున్నాయి అన్నదే. థియోఫిలిన్‌లో హైడ్రోజన్ ఉన్న నత్రజనికీ కార్బొనిల్‌కూ మధ్య దూరం పెరోవ్‌స్కైట్ ఉపరితలంలోని సీసం, అయొడిన్ల దూరానికి సరిగ్గా అమరింది. ఒక చెయ్యి సీసాన్ని, ఒక చెయ్యి అయొడిన్‌ను పట్టుకున్నాయి. సామర్థ్యం 22.6 శాతానికి చేరింది, కెఫీన్, థియోబ్రొమిన్‌లు వెనకబడ్డాయి. చేర్పులను గుడ్డిగా వెతికే దశ నుంచి, అణువు ఆకారం చూసి ఎంచుకునే దశకు ఈ రంగం మళ్లిన చోటు ఇదే.

తెలుగువాళ్లకు మరింత దగ్గరి సంగతి మిరపది. 2021లో షాంఘైలోని ఈస్ట్ చైనా నార్మల్ విశ్వవిద్యాలయం, స్వీడన్‌లోని లింకోపింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మిరపకారానికి కారణమైన క్యాప్సైసిన్‌ను అతి కొద్దిగా ద్రావణంలో కలిపారు. సామర్థ్యం 19 నుంచి 21.88 శాతానికి పెరిగింది. లోపాలు మూతపడటంతోపాటు పొర ఉపరితలం ఎలక్ట్రాన్లకు అనువైన రకంగా మారిందని వాళ్లు కొలిచి చూపారు. గుంటూరు ప్రాంతంలో మిరప నుంచి సారం తీసే పరిశ్రమలు ఇప్పటికే ఉన్నాయి. కెఫీన్, క్యాప్సైసిన్‌ల లాంటివి విషం కాని, చవకైన, పంటల నుంచి తీయగల అణువులు కావడం ఆశ పుట్టించే సంగతి. అయితే ఈ పరీక్షలు చాలావరకు అగ్గిపుల్ల తల కన్నా కాస్త పెద్ద సెల్స్ మీద, నత్రజని నింపిన పెట్టెల్లో జరిగాయి. తిరుపతి మిద్దెకు అక్కడినుంచి చాలా దూరం.

అణువులే కాదు, విడి అయాన్లనూ కలిపారు. 2016లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఈపీఎఫ్ఎల్‌లో మైకేల్ సాలిబా, మైకేల్ గ్రెట్జెల్ బృందం సీజియం, రుబీడియం కలిపి 21.6 శాతం సాధించింది. 85 డిగ్రీల వేడిలో 500 గంటల తర్వాత ఆ సెల్స్ 95 శాతం పనితీరు నిలుపుకున్నాయి. 2018లో కేంబ్రిడ్జిలో పొటాషియం అయొడైడ్ కలిపి, అయొడిన్, బ్రోమిన్ అయాన్లు ఇష్టమొచ్చినట్టు తిరగకుండా కట్టడి చేశారు. 2019లో పెకింగ్ విశ్వవిద్యాలయం వాడిన యూరోపియం జంట మరీ తెలివైనది. పొర పాడయ్యే క్రమంలో సీసం లోహంగానూ, అయొడైడ్ అయొడిన్‌గానూ విడిపోతాయి. యూరోపియం రెండు రూపాల మధ్య మారుతూ ఒకదాని నుంచి ఎలక్ట్రాన్ తీసుకుని రెండోదానికి ఇస్తుంది, తాను ఖర్చు కాకుండా రెంటినీ బాగుచేస్తుంది. 2021లో వచ్చిన ఫార్మేట్ అయాన్ అయొడిన్ ఖాళీలో కుదురుకుని 25.6 శాతం తెచ్చింది. ఆక్స్‌ఫర్డ్, లింకోపింగ్‌లు 2019లో కలిపిన అయానిక ద్రవం 70 డిగ్రీల పైన నిరంతర వెలుగులో 1,800 గంటలు గడిచినా 5 శాతం మాత్రమే తగ్గుదల చూపింది. తిరుపతి మే నెల ప్యానెల్ వేడికి దగ్గరగా జరిగిన పరీక్ష కాబట్టి దీన్ని ప్రత్యేకంగా గమనించాలి.

ఇంత పెద్ద చరిత్రలో తెలుగు నేల పాత్ర చిన్నదేమీ కాదు. తెలంగాణలో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదివి, అక్కడే డాక్టరేట్ తీసుకున్న మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్ 1987లో ఈపీఎఫ్ఎల్‌కు వెళ్లారు. గ్రెట్జెల్‌తో కలిసి ఆయన తయారుచేసిన రుథేనియం రంగు అణువు 1993లో ప్రచురితమై, రంగుతో పనిచేసే సౌర సెల్స్‌ను 10 శాతం స్థాయికి చేర్చింది. పెరోవ్‌స్కైట్ పుట్టింది ఆ రంగు సెల్స్ ఇంట్లోనే. మియసాకా మొదట రంగు అణువు బదులుగానే దాన్ని వాడారు.

నజీరుద్దీన్ బృందం 2017లో, జూలియా గ్రాంచీనీ మొదటి రచయితగా ప్రచురించిన పనిని ఈ వ్యాసానికి కేంద్రంగా చూడవచ్చు. అమైనో వెలరిక్ ఆమ్లం అనే అణువు ఒక కొసన అమ్మోనియం, మరో కొసన ఆమ్ల సమూహం ఉన్న పొట్టి గొలుసు. దీని అయొడైడ్‌ను 3 శాతం కలిపితే, మామూలు పెరోవ్‌స్కైట్ మీద రెండు దిశల్లోనే విస్తరించే పలచటి పెరోవ్‌స్కైట్ పొర ఏర్పడి, చెమ్మకు అడ్డుగోడగా నిలిచింది. బంగారం ఎలక్ట్రోడ్ లేదు, కార్బన్ ముద్దను అచ్చువేశారు. 10 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మాడ్యూల్ సామర్థ్యం 11.2 శాతమే. రికార్డు పట్టికలో దానికి చోటులేదు. కానీ 10,000 గంటలకు పైగా, అంటే ఏడాది దాటి, నిరంతర కృత్రిమ ఎండ కింద ఆ అంకె తగ్గలేదని వాళ్లు నివేదించారు. ఆ కాలానికి ఆ ఫలితం అసాధారణం. 25 శాతం ఇచ్చి ఒక్క వానాకాలంలో చచ్చే సెల్ కన్నా, 11తో మొదలై నిలిచే సెల్ నుంచి నేర్చుకోవలసింది ఎక్కువ. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ ప్రయోగశాల కూడా ఈ కార్బన్ దారిలోనే పెరోవ్‌స్కైట్ సెల్స్ మీద పనిచేస్తోంది. స్క్రీన్ ప్రింటింగ్ తెలిసిన చిన్న పరిశ్రమ కూడా అందుకోగల దారి కాబట్టి ఆ ఎంపిక సరైనది.

తిరుపతి విషయానికొస్తే, 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగానికి పలచటి పొరల సౌర సెల్స్‌లో దశాబ్దాల అనుభవం ఉంది. కె.టి. రామకృష్ణారెడ్డి, ఎన్. కోటేశ్వర రెడ్డి, బ్రిటన్‌కు చెందిన ఆర్.డబ్ల్యు. మైల్స్ కలిసి ద్రావణాన్ని వేడి గాజుమీద పిచికారీ చేసి తగరం సల్ఫైడ్ పొరలు పోశారు. వాటితో 1.3 శాతం సెల్ తయారుచేసి 2006లో ప్రచురించారు. అంకె చిన్నదే. ఆ పదార్థం మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ ఆ పత్రాన్ని ప్రస్తావిస్తారు. తగరంతో పనిలో ఎదురయ్యే పెద్ద తలనొప్పి, అది రెండు ఆవేశాల రూపం నుంచి నాలుగు ఆవేశాల రూపానికి జారిపోవడం. సల్ఫైడ్‌లో అది వేరే దశలుగా బయటపడుతుంది. సీసం లేని పెరోవ్‌స్కైట్ కావాలంటే సీసం చోట పెట్టడానికి మొదట తోచేది తగరమే. అక్కడా ఇదే జబ్బు, ఇంకా తీవ్రంగా. 2014 నుంచి దానికి వాడుతున్న మందు తగరం ఫ్లోరైడ్ అనే చేర్పు. తగరం లేమిని పూడ్చి, ఆక్సీకరణను అణచిపెడుతుంది. సీసంలేని సెల్స్ ఆ దారిలో 15 శాతం దాటాయి. తగరం స్వభావం చేతివేళ్లకు తెలిసిన ప్రయోగశాల ఉన్న ఊళ్లో ఈ పని జరగాలని కోరుకోవడం అత్యాశ కాదు. 2015లో ఏర్పడిన ఐసర్ తిరుపతిలో హాలైడ్ పెరోవ్‌స్కైట్ నానో స్ఫటికాల వెలుగు గుణాల మీద పరిశోధన సాగుతోంది, అదే ఏడాది మొదలైన ఐఐటీ కూడా ఏర్పేడు దగ్గరే ఉంది.

సీసం మాట వచ్చింది కాబట్టి లెక్క చెప్పుకోవాలి. అర మైక్రాన్ పొరలో చదరపు మీటరుకు సుమారు 0.7 గ్రాముల సీసం ఉంటుంది. కారు బ్యాటరీలో కిలోల కొద్దీ ఉంటుంది. అయితే బ్యాటరీ సీసం నీటిలో సులువుగా కరగదు, సీసం అయొడైడ్ కొంత కరుగుతుంది. వడగళ్లకు గాజు పగిలి వాన పడితే అది మిద్దెమీది నీళ్లలో కలుస్తుంది. ఆ నీళ్లు సంపులోకి, తొట్టిలోకి పోయే ఇళ్లు రాయలసీమలో ఎన్నో. 2020లో వచ్చిన ఒక పరిశోధనలో ప్యానెల్‌కు రెండు వైపులా సీసాన్ని పట్టుకునే ఫాస్ఫోనిక్ ఆమ్ల పూతలు వేసి, పగిలినప్పుడు కారే సీసంలో 96 శాతం పైగా ఆపగలిగారు. ఇలాంటి పూత లేకుండా ఈ ప్యానెల్‌ను ఇళ్లమీదికి అనుమతించకూడదు.

చేర్పుల సాహిత్యాన్ని చదివేవారికి ఇంకో చిక్కు ఎదురవుతుంది. ప్రతి పత్రంలోనూ కలపని సెల్ కన్నా కలిపిన సెల్ మెరుగే. కానీ ఒకరి కలపని సెల్ 17 శాతం, మరొకరిది 23. తక్కువ స్థాయిలో మొదలైన సెల్‌లో ఏది కలిపినా పెరుగుదల కనిపిస్తుంది. పరీక్షించిన విస్తీర్ణం చాలాసార్లు చదరపు సెంటీమీటరులో పదో వంతు. మోతాదు కాస్త మించితే అదే చేర్పు కరెంటును అడ్డుకునే పొరగా మారుతుంది. ఫినైల్ ఇథైల్ అమ్మోనియం అయొడైడ్ 2019లో చైనాలో 23.3 శాతం ధ్రువీకృత రికార్డు తెచ్చింది. కానీ వేడి తగిలితే అది కింది పొరతో కలిసి రెండు దిశల పెరోవ్‌స్కైట్‌గా మారి పనితీరును మారుస్తుంది. పరిశ్రమ అడిగే పరీక్ష 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1,000 గంటలు, దాంతోపాటు విడిగా మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా 200 సార్లు చల్లార్చి వేడిచేయడం. కెఫీన్ నుంచి ఫార్మేట్ దాకా ఏ చేర్పునైనా ఈ రెంటి తర్వాతే నమ్మాలి.

బజారులో ఎక్కువ ఆశలు రేపుతున్నది జంట సెల్. కింద సిలికాన్, పైన పెరోవ్‌స్కైట్. చైనా కంపెనీ లాంజీ 2024లో ఈ జంటతో ప్రయోగశాలలో 34.6 శాతం ప్రకటించింది. బ్రిటన్ కంపెనీ ఆక్స్‌ఫర్డ్ పీవీ అదే ఏడాది సెప్టెంబరులో 24.5 శాతం సామర్థ్యమున్న ప్యానెల్స్‌ను మొదటిసారి అమ్మి అమెరికాకు పంపింది. జంటలో పై పొరకు బ్రోమిన్ ఎక్కువ కావాలి. బ్రోమిన్ ఎక్కువైతే వెలుగులో అయొడిన్, బ్రోమిన్‌లు విడిపోయి గుంపులు కడతాయి. పొటాషియం లాంటి చేర్పుల అసలు అవసరం ఇక్కడే.

తిరుపతి జిల్లా నాయుడుపేటలో ప్రీమియర్ ఎనర్జీస్ సంస్థ 4 గిగావాట్ల సిలికాన్ సెల్ ఫ్యాక్టరీ తలపెట్టింది. అక్కడ తయారయ్యే సిలికాన్ సెల్ మీద రేపు పెరోవ్‌స్కైట్ పొర పూయాల్సి వస్తే, ఏ చేర్పుతో పూయాలో విదేశీ ప్రయోగశాలల దీపాల కింద తేలదు. ఆరుబయట పరీక్ష ఎలా జరపాలో, ఏ వివరాలు రాసిపెట్టాలో 2020లో అంతర్జాతీయ శాస్త్రవేత్తలు ఉమ్మడిగా ఒప్పుకున్న పద్ధతులు ఉన్నాయి. వాటి ప్రకారం శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మిద్దెమీదో, ఏర్పేడులోనో ఒకే రకం పొర, నాలుగైదు చేర్పులు, చేర్పు లేని సెల్ ఒకటి పెట్టి, మే నుంచి మరుసటి మే దాకా వోల్టేజీ, వేడి, తేమ గంటగంటకూ నమోదు చేయాలి. సెల్ చనిపోయిన తేదీ కూడా అందులో ఉండాలి. కొన్ని చదరపు మీటర్ల చోటు, కొలిచే పరికరాలు, రెండు మూడేళ్లు జీతమిచ్చి నిలబెట్టుకునే ఇద్దరు పరిశోధక విద్యార్థులు ఉంటే ఈ పని మొదలుపెట్టవచ్చు.